ఏం షిఫ్టు కాకా?

గోదావరిఖని చౌరస్తాలో ఇద్దరు తెలిసినవాళ్లు ఎదురుపడ్డారనుకోండి. "బాగున్నవా?" అని పలకరించుకుంటారనుకుంటున్నారు కదూ? పొరపాటు! మొదట వచ్చే మాట ఇది:

"ఏం షిఫ్టు కాకా?"

"నైటు. ఇప్పుడే దిగిన."

అంతే సంభాషణ. కాని ఆ చిన్న జవాబులోనే ఆ కాకా ఎప్పుడు తిన్నాడో, ఎప్పుడు పడుకుంటాడో, పిల్లల ముఖం ఏ వేళకు చూస్తాడో, అన్నిటికంటే ముఖ్యంగా ఏ ఆటకు సినిమాకు రాగలడో అడిగినవాడికి తెలిసిపోతుంది. 

షిఫ్టు అచ్చంగా ఇంగ్లీషు మాట. నిఘంటువు తెరిస్తే దాని అర్థాలు పేజీ నిండా పరుచుకుని వుంటాయి. కాని పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల బొగ్గు పట్టీలో, అంటే గోదావరిఖని నుంచి మందమర్రి, బెల్లంపల్లి దాకా, ఇంగ్లీషు ఒక్క ముక్క రాని ముసలవ్వ కూడా దాన్ని పరాయి మాట అనుకోదు. కొడుకు ఇంట్లో లేడేమని అడిగితే "సెకండు షిఫ్టుకు పోయిండు బిడ్డా" అంటుంది, అది అమ్మమ్మ నాటి తెలుగే అయినట్టు!

మూడు షిఫ్టులు, నాలుగు ఆటలు

గనిని మావైపు 'బాయి' అంటారు. బాయి పని రోజంతా ఆగదు. 24 గంటలను మూడు ముక్కలు చేస్తే ఒక్కోటి 8 గంటలు. గనికీ గనికీ అరగంట అటూ ఇటూ అయినా, పొద్దున 7కు ఫస్టు షిఫ్టు, మధ్యాహ్నం 3కు సెకండు, రాత్రి 11కు నైటు. వారం మారితే షిఫ్టు మారుతుంది.

ఇటు సినిమా హాల్లో నాలుగు ఆటలు. మార్నింగ్ షో, మాట్నీ, ఫస్టు షో, సెకండు షో. ఈ మూడింటికీ ఆ నాలుగింటికీ లంకె కుదర్చటం ఎంత పెద్ద లెక్కో బొగ్గు పట్టీలో పుట్టినవాడికే తెలుస్తుంది.

ఫస్టు షిఫ్టు వాడు అదృష్టవంతుడు. మూడింటికి పైకొచ్చి, వేడినీళ్లు పోసుకుని, ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని దర్జాగా ఫస్టు షోకు పోవచ్చు. సెకండు షో మాత్రం అతనికి నిషిద్ధం. పన్నెండున్నరకు హాలు వదిలితే పొద్దున మస్టరు ఎవడేస్తాడు? సెకండు షిఫ్టు వాడి పని మరీ కనాకష్టం. సాయంత్రం ఆట లేదు, రాత్రి ఆట లేదు. మిగిలింది మార్నింగ్ షో. అదీ నిడివి పెరిగిందంటే ఒక కన్ను తెర మీద, ఒక కన్ను గడియారం మీద! హీరో విలన్ డెన్‌లోకి దూకే వేళకు ఇతను హాలు బయట సైకిలు తాళం తీస్తుంటాడు. క్లైమాక్సు ఏమైందో మర్నాడు ఇంకో షిఫ్టు వాడు చెబితే వినటమే. 

ఇక నైటు షిఫ్టు. రాత్రంతా బొగ్గు తీసినవాడు పగలు పడుకోవాలి. ఇంట్లో పిల్లల గోల, వీధిలో కూరగాయల బండి కేకలు. మా బాపు దీనికో ఉపాయం కనిపెట్టాడు. నన్ను తీసుకుని మాట్నీకి వచ్చేవాడు. టైటిల్సు అయ్యేదాకా కళ్లు తెరిచి వుండేవాడు. ఆ తర్వాత చీకట్లో, ఫ్యాను కింద, బెంచీ మీద హాయిగా నిద్ర! "ఫైటింగు వస్తే లేపురా" అని నాకు డ్యూటీ వేసేవాడు. లేపేవాణ్ని. ఒక్క గుద్దు చూసి మళ్లీ పడుకునేవాడు. ఇంటికొచ్చాక అమ్మ "కథేంది?" అని అడిగితే నా వైపు చూసేవాడు. బాపుకు తెలిసిన సినిమా కథల్లో సగం నేను చెప్పినవే!

అన్నట్టు, మా కోల్‌బెల్టులో ఇలాంటి ఇంగ్లీషు మాటలు ఇంకా వున్నాయి. 'యాక్టింగ్' అంటే మీకు రామారావు, నాగేశ్వరరావు గుర్తుకొస్తారు. అక్కడ యాక్టింగ్ అంటే తన పని కాని పై తరగతి పనిని తాత్కాలికంగా చేయటం. 'ప్లే డే' అంటే ఆటల రోజు కాదు, వారపు సెలవు. ఆ సెలవునాడే డ్యూటీ దొరికితే రెట్టింపు కూలి అని అందరికీ ఆశ. ఇక డ్యూటీ 'ఎక్కాలంటే' బాయిలోకి దిగాలి, డ్యూటీ 'దిగాలంటే' పైకి ఎక్కాలి! ఈ చమత్కారం ఏ మాటల రచయిత రాశాడో తెలియదు గాని, సింగరేణి వాళ్లు నవ్వకుండానే రోజూ అంటారు.

షిఫ్టింగుతో వందరోజులు

సినిమా వ్యాపారంలో షిఫ్టుకు ఇంకో అర్థం వుంది. కాలేజీ క్యాంటీన్లలో ఎన్ని టీగ్లాసులు పగిలాయో ఈ అర్థం మీద! 

ఒక చిత్రం ఒకే హాల్లో కదలకుండా వందరోజులు ఆడితే అది 'డైరెక్టు' శతదినోత్సవం. యాభై రోజులయ్యాక కలెక్షన్లు తగ్గి, ఆ హాలుకు కొత్త బొమ్మ వచ్చి, పాతదాన్ని పక్కవీధి చిన్న హాలుకు మార్చి, అక్కడ మిగతా రోజులు లాగిస్తే అది 'షిఫ్టింగుతో' శతదినోత్సవం. పత్రికల్లో ప్రకటన పెద్దక్షరాలతో 100 అనే వేస్తారు. షిఫ్టింగు అన్న ముక్క మాత్రం భూతద్దం పెట్టుకుంటే కనబడే సైజులో! అవతలి హీరో అభిమాని చదివేది ఆ చిన్నక్షరాలనే. "మీవోనిది షిఫ్టింగురా, మావోనిది డైరెక్టు!" అని ఒకడంటే, "మీవోనిది నూన్ షోలతో లాగిండ్రు, మాకు తెల్వదా!" అని ఇంకొకడు. రోజుకు నాలుగాటల బొమ్మను ఒక్క ఆటకు కుదించి రోజులు లెక్కబెట్టటం కూడా షిఫ్టింగులో ఒక రకమే.

ఇవాళ వందల హాళ్లలో ఒకేసారి విడుదలై, మూడు వారాల్లో వసూళ్లు లెక్కేసుకునే కాలంలో ఈ మాట దాదాపు మూలన పడింది. పాపం, దాంతోపాటు ఎన్నో మంచి తగాదాలు కూడా!

గుర్రాల నుంచి మనుషులకు

ఇంతకీ ఈ మాట ఎక్కడ పుట్టింది? పాత ఇంగ్లీషులో దీనికి మొదటి అర్థం 'కదలటం' కానే కాదు. పంచటం, భాగాలు వేయటం, అమర్చటం. మన పల్లెల్లో చెరువు నీళ్లు వంతులు వేసుకున్నట్టు! మార్చటం, కదల్చటం అన్న అర్థాలు తర్వాత వచ్చినవి.

1700 తర్వాత ఇంగ్లండులో ఒక జత గుర్రాలు అలిసిపోతే వాటిని విప్పి, వేరే జతను కట్టటాన్ని షిఫ్టు అన్నారు. మరో వందేళ్లకు అదే మాట మనుషులకు వచ్చింది. ఏ మనుషులకు? గనుల్లో పనిచేసేవాళ్లకు! పని వేళను షిఫ్టు అనటం మొదట గనుల్లోనేనని, 1809 నాటికే ఆ వాడుక రాతలో వుందని మాటల పుట్టుక తెలిసినవాళ్లు చెబుతారు. ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, సినిమా స్టూడియోలు దాన్ని తర్వాత అందిపుచ్చుకున్నాయి. అంటే గోదావరిఖని కాకాకు ఈ మాట మీద వున్న హక్కు, ఏ స్టార్ హీరోకూ లేదన్నమాట!

ఇంకో వింత అర్థం వినండి. ఒకప్పుడు ఇంగ్లీషులో ఆడవాళ్లు లోపల వేసుకునే బట్టను కూడా షిఫ్టు అనేవారు. విప్పి మార్చుకునేది కనుక ఆ పేరు. తర్వాత్తర్వాత ఆ మాట నలుగురిలో అనటం సిగ్గుచేటయింది. దాని బదులు 'షెమీజ్' అనే ఫ్రెంచి మాట తెచ్చుకున్నారు. మన ఇళ్లల్లో ఆడపిల్లల 'షిమ్మీ' దాని చుట్టమే. 1907 జనవరి 26న డబ్లిన్‌లోని అబ్బే థియేటర్లో జె.ఎం. సింజ్ రాసిన 'ది ప్లేబోయ్ ఆఫ్ ది వెస్టర్న్ వరల్డ్' నాటకం మొదటి ప్రదర్శన జరిగింది. ముందునుంచే గుర్రుగా వున్న ప్రేక్షకులు, మూడో అంకంలో నాయకుడి నోట ఈ 'షిఫ్టు' అన్న మాట వినగానే ఒక్కసారిగా లేచి గొడవ చేశారు. నాటకకర్త యేట్స్ ఊళ్లో లేడు. ఈ మాట దగ్గరే సభ చెల్లాచెదురైందని లేడీ గ్రెగరీ ఆయనకు తంతి ఇచ్చింది! సెన్సారు కత్తెరలు చూసిన మనకు ఇదేమంత కొత్త కాదు గాని, ఒక్క మాటకు హాలు అట్టుడికిపోవటం మాత్రం రికార్డే.

టైపు నేర్చుకున్నవాళ్లకు షిఫ్టు అంటే చిటికెనవేలు నొప్పి. 1878లో వచ్చిన రెమింగ్టన్ రెండో నంబరు యంత్రంలో ఆ మీట నొక్కితే నిజంగానే కాగితపు బండి కదిలి, చిన్నక్షరం చోట పెద్దక్షరం పడేది. ఇవాళ కంప్యూటర్లో ఏదీ కదలదు. పేరు మాత్రం అలాగే వుండిపోయింది.

స్టూడియోలో షిఫ్టు

సరే, మన వెండితెరకు వద్దాం. మద్రాసులో మనవాళ్లు కాల్షీటు అన్నదాన్ని బొంబాయి వాళ్లు షిఫ్టు అన్నారు. ఒక రోజులో ఎన్ని షిఫ్టులు చేస్తే అంత పెద్ద స్టారు! 1970లలో శశికపూర్ ఒకే రోజు ఈ స్టూడియో నుంచి ఆ స్టూడియోకు పరుగులు పెట్టేవాడు. అన్న రాజ్‌కపూర్ విసుగెత్తి తమ్ముణ్ని 'టాక్సీ' అన్నాడట. ఎవరు మీటరు వేస్తే వాళ్లవెంట పోతాడని! అదే శశికపూర్ 1979లో యశ్ చోప్రా తీసిన 'కాలా పత్థర్'లో బొగ్గుగని ఇంజనీరయ్యాడు. అమితాబ్ బచ్చన్ అందులో గని కార్మికుడు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలా గనిలోకి నీళ్లు చొరబడి 370 మందికి పైగా చనిపోయిన దుర్ఘటన ఆ చిత్రానికి ప్రేరణ. 

బొగ్గుగనికి చట్టం ముందే వచ్చింది. 1952 గనుల చట్టం, భూమి లోపల ఎవరిచేతా రోజుకు 8 గంటలకు మించి పనిచేయించరాదంది. షిఫ్టుల పద్ధతిలో తప్ప లోపల పని జరగరాదనీ అంది. సినిమాకు అంత గట్టి గీత ఎవరూ గీయలేదు. 2025లో ఆ లెక్క రచ్చకెక్కింది. దీపికా పదుకొణె 'స్పిరిట్' చిత్రం నుంచి తప్పుకుంది. సెప్టెంబరులో 'కల్కి 2898 ఏడీ' రెండో భాగంలోనూ ఆమె వుండదని నిర్మాణ సంస్థ ప్రకటించింది. ఎనిమిది గంటల షిఫ్టు అడిగిందన్న మాట అప్పుడు పత్రికల నిండా మోగింది. పెద్ద పెద్ద హీరోలు ఏళ్ల తరబడి ఎనిమిది గంటలే చేస్తున్నా అది ఎవరికీ వార్త కాలేదని ఆమె తర్వాత అన్నది.

స్టారుల సంగతి స్టారులు చూసుకుంటారు. నా మనసు లైట్‌బాయ్ దగ్గర ఆగింది. హీరోయిన్ షిఫ్టు ఆమె కారు దిగగానే మొదలవుతుంది. లైట్‌బాయ్ షిఫ్టు అంతకు రెండు గంటల ముందే మొదలై, ఆమె కారు వెళ్లిపోయాక కేబుళ్లు చుట్టిపెట్టేదాకా నడుస్తుంది. 2025 ఆగస్టులో హైదరాబాదులో సినీ కార్మికులు 30 శాతం వేతనాల పెంపు అడుగుతూ షూటింగులు ఆపారు. ఆ చర్చల్లో డబ్బుతో పాటు కాల్షీటు గంటల మాట కూడా వచ్చింది. దాని గురించి రాసింది మాత్రం హీరోయిన్ గంటల గురించి రాసినదాంట్లో పదో వంతు వుండదు!

వూరు షిఫ్టయింది

ఇల్లు మారటాన్ని కూడా షిఫ్టనే అంటాం. ఆ లెక్కన మావాళ్లలో అందరికంటే పెద్ద షిఫ్టు కొట్టినవాడు పైడి జయరాజ్. 1909లో కరీంనగర్‌లో పుట్టి, బొంబాయికి షిఫ్టయి, మూకీల నుంచి టాకీలకు షిఫ్టయి, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నాడు. మన తెలుగు చిత్రసీమ కూడా మద్రాసు నుంచి హైదరాబాదుకు షిఫ్టయిందే. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ వెలిశాక ఆ సర్దుకోవటం జోరందుకుంది.

ఇవన్నీ ఇష్టపడి మారినవి. ఇష్టం లేకుండా మారినవీ వున్నాయి. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ కింద ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల పల్లెలు మునిగాయి. తర్వాత ఎల్లంపల్లి, మధ్య మానేరు. మరోపక్క ఓపెన్‌కాస్టులు. ఆఫీసు కాగితంలో "గ్రామం షిఫ్టు చేయబడినది" అని ఒక్క వాక్యం వుంటుంది. ఆ వూరివాళ్లను అడగండి, వాళ్లా మాట వాడరు. "మా వూరు మునిగింది" అంటారు, "మా వూరు పోయింది" అంటారు. బీరువాను షిఫ్టు చేయొచ్చు. పోచమ్మ గుడి ముందరి వేపచెట్టును ఎలా చేస్తారు? 

2016 అక్టోబరు 11న ఇంకో రకం షిఫ్టు జరిగింది. ఎవరూ కదల్లేదు, జిల్లాలే కదిలాయి! గోదావరిఖని కరీంనగర్ నుంచి పెద్దపల్లి జిల్లాలోకీ, బెల్లంపల్లి ఆదిలాబాద్ నుంచి మంచిర్యాల జిల్లాలోకీ పోయాయి. మా బాపు ఇప్పటికీ "కరీంనగర్ జిల్లా" అనే అడ్రసు చెబుతాడు.

షిఫ్టు వుంటే కష్టం. లేకపోతే? కాగజ్‌నగర్ వాళ్లను అడగండి. 2014లో పేపరు మిల్లు మూతపడి, 2018లో మళ్లీ తెరుచుకునేదాకా ఆ వూళ్లో ఎవరూ ఎవరినీ "ఏం షిఫ్టు?" అని అడిగే పనిలేకపోయింది.

సినిమాలో కనబడనిది

2023లో వచ్చిన 'దసరా' మన బొగ్గు పట్టీని తెరమీద పెద్దగానే చూపించింది. మసి, రైలు, వ్యాగన్లు, మందు, అన్నీ వున్నాయి. చూసి నేనూ ఈలేశాను, దాచటం దేనికి! కాని బొగ్గు పట్టీలో అసలైన సస్పెన్సు ఫైటింగులో వుండదు. అది షిఫ్టు విడిచే వేళలో వుంటుంది. 

మూడింటికి రావలసిన మనిషి మూడున్నర దాకా ఇంటికి రాకపోతే ఆ ఇంటి ఇల్లాలు వాకిట్లోకి వస్తుంది. నాలుగయితే పక్కింటి వదినెను అడుగుతుంది. "మీ ఆయన వచ్చిండా వదినె? ఒక్క షిఫ్టేనాయె..." ఆపై మాట పెదవి దాటదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది పైకి రాలేదు. ఆ రోజు గని దగ్గర నిలబడ్డవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే. ఏ షిఫ్టు? ఎవరి షిఫ్టు? తమవాడు ఫస్టా, సెకండా? అప్పుడా మాటకు నిఘంటువులోని ఏ అర్థమూ సరిపోదు.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా పనిచేసేవారు. ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల. భూగర్భ గనులు తగ్గి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి. చౌరస్తాలో ఆ పలకరింపు ఇంకా వినబడుతుంది గాని మునుపంత తరచుగా కాదు.

మొన్న దసరాకు ఇంటికి పోయాను. బాపు రిటైరై చాలా ఏళ్లయింది. అయినా ఫస్టు షిఫ్టు వాడిలా తెల్లవారుజామున లేచి కూర్చుంటాడు. మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి వచ్చాడు. కంప్యూటరు కంపెనీలో వుద్యోగం. అందరం సెకండు షోకు బయల్దేరాం. హాలు ముందు టికెట్ల కోసం నిలబడితే బాపు వాడి భుజం మీద చెయ్యేశాడు.

"ఏం షిఫ్టురా నీది?"

"నైటు తాతా. అమెరికావోళ్లకు పగలుంటది గదా."

"నైటా! నిద్ర ఆపుకునుడు కష్టమే. ఎన్ని గంటలు?"

"తొమ్మిది అంటరు తాతా. పనుంటే పది, పన్నెండు."

బాపు వాడి ముఖంలోకి చూశాడు. "ఎనిమిదే గదరా షిఫ్టు?"

వాడు నవ్వి వూరుకున్నాడు. లోపల బెల్లు మోగింది. ఆ రాత్రి ఇంటర్వెల్ కూడా కాకముందే తాత, మనవడు ఇద్దరూ కుర్చీల్లో నిద్రపోయారు. ఫైటింగు వచ్చింది. నేను లేపలేదు.